సేంద్రియ లినెన్ కొనడం ఎలా: గుడ్డ చెప్పేది, కాగితం చెప్పాల్సింది

ఇంటికి లినెన్ (అవిసె నారతో నేసే) గుడ్డలు కొనేటప్పుడు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండు. ఇది నిజంగా లినెనేనా? ఇది నిజంగా సేంద్రియమేనా? చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా కలిపేస్తారు. ముట్టుకుంటే కాస్త గరుకుగా ఉంది, రంగు మట్టిరంగులో ఉంది, ప్యాకెట్ మీద ఆకు బొమ్మ ఉంది, ఇంకేం, మంచి సరుకే అనుకుని డబ్బు కట్టేస్తారు. మొదటి ప్రశ్నకు చాలావరకు గుడ్డే జవాబు చెబుతుంది, అడిగే పద్ధతి తెలిస్తే చాలు. రెండో ప్రశ్నకు మాత్రం గుడ్డ నోరు విప్పదు. మందు చల్లిన చేలో పెరిగిన నారకూ చల్లని చేలో పెరిగిన నారకూ తేడా కంటికి కనిపించదు, వేలికి తగలదు. దానికి కాగితమే సాక్ష్యం. ఈ మార్గదర్శి అంతా ఈ రెండు పరీక్షల చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు ఏం కొనాలో, ఏం కొనకూడదో తేల్చుకోండి

ఉన్న గుడ్డలన్నీ తీసేసి ఇంటినంతా లినెన్‌తో నింపేయాలన్న ఉత్సాహం వస్తే కాసేపు ఆగండి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో చేతి సంచుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. పర్యావరణం మీద ప్రభావంలో మామూలు ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే, వాతావరణ మార్పు ఒక్కటే లెక్కలోకి తీసుకున్నా సేంద్రియ పత్తి సంచిని 149 సార్లు వాడాలి. నీరు, నేల, ఓజోన్ పొర వంటి ప్రభావాలన్నీ లెక్కలోకి తీసుకుంటే ఆ సంఖ్య 20,000 అయింది. అది పత్తి లెక్క, లినెన్‌ది కాదు. ఆ అధ్యయనంలోని అంచనాల మీద వాదోపవాదాలు కూడా ఉన్నాయి. అయినా కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం అందులో ఉంది: సేంద్రియ గుడ్డ వల్ల మేలు జరిగేది కొన్నప్పుడు కాదు, ఏళ్ల తరబడి వాడినప్పుడు. ఇంట్లో బాగున్న నూలు తువ్వాలును పారేసి లినెన్ తువ్వాలు కొంటే పర్యావరణానికి ఒరిగేది లేదు.

కాబట్టి లినెన్ తక్కినవాటి కంటే స్పష్టంగా మెరుగ్గా పనిచేసే చోట్ల మొదలుపెట్టండి. అది తడి పని. లినెన్ నార తడిసినప్పుడు బలహీనపడదు, పైగా పొడిగా ఉన్నప్పటి కంటే ఇంకాస్త బలపడుతుంది. తన బరువులో ఐదో వంతు దాకా తేమను పీల్చుకున్నా చేతికి తడిగా తోచదు. నూగు తక్కువ రాలుస్తుంది, అందుకే గాజు గ్లాసులు తుడవడానికి దీన్ని మించింది లేదు. పాత్రలు తుడిచే గుడ్డలు, చేతి తువ్వాళ్లు, భోజనాల బల్ల మీద వాడే రుమాళ్లు, కాగితపు టవళ్లకు బదులు వాడే చిన్న ముక్కలు, రొట్టెలూ కూరగాయలూ పెట్టుకునే సంచులు మొదటి విడతలో కొనదగ్గవి. దుప్పట్లు, దిండు గలీబులు రెండో విడత. వాటి ఖరీదు ఎక్కువ, కాబట్టి చిన్నవి వాడి చూశాకే వాటి జోలికి వెళ్లండి.

నేల తుడవడానికి లినెన్ కొనడం దండగ. పాత గుడ్డ ఏదైనా ఆ పని చేస్తుంది. నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉండే పరుపు దుప్పట్ల విషయంలోనూ నా సలహా వద్దనే. గుడ్డ ఇంకా గట్టిగా ఉండగానే ఎలాస్టిక్ సాగిపోతుంది, అప్పుడు మొత్తం దుప్పటే పనికిరానిదిగా కనిపిస్తుంది. సాదా దుప్పటి కొని అంచులు పరుపు కిందికి మడవడం మేలు.

2. నార ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి

లినెన్ అంటే అవిసె (ఫ్లాక్స్) మొక్క కాండంలోని నార. విత్తిన సుమారు 100 రోజులకు మొక్క దాదాపు మీటరు ఎత్తు పెరుగుతుంది. నార పొడవు తగ్గకుండా దాన్ని కోయరు, వేళ్లతో సహా పీకుతారు. తర్వాత చేలోనే పరిచి కొన్ని వారాలు వదిలేస్తారు. మంచుకూ వానకూ తడిసి, సూక్ష్మజీవులు పనిచేసి, కాండానికి నారను అంటిపెట్టి ఉంచే జిగురు కరుగుతుంది. కాండాన్ని విరిచి, కొట్టి, చెక్కలాంటి పొట్టు రాల్చి, నారను ఇనుప దువ్వెనలతో దువ్వుతారు. దువ్వెనలో నిలిచేది పొడవాటి నార, రాలిపడేది పొట్టి నార. పొడవాటి నారను వేడినీళ్లలోంచి లాగుతూ వడికితే సన్నని, నున్నని పోగు వస్తుంది. పొట్టి నారను పొడిగానే వడికితే పోగు లావుగా, గరుకుగా ఉంటుంది, నూగు కూడా రాలుతుంది.

ప్రపంచంలో ఈ నారను ఎక్కువగా పండించేది ఫ్రాన్స్. అక్కడి నార్మండీ తీరం నుంచి బెల్జియం, నెదర్లాండ్స్ దాకా ఉన్న చల్లని, తేమగల నేలలు దీనికి బాగా సరిపడతాయి. వాననీళ్లతోనే పంట వచ్చేస్తుంది. అమ్మేవాళ్లు ఇంతవరకే చెప్పి ఊరుకుంటారు: నీళ్లు తక్కువ, మందులు తక్కువ, కాబట్టి లినెన్ అంటేనే ప్రకృతి హితం అని. చెప్పని సంగతి కలుపు. అవిసె మొక్క సన్నగా, ఆకు తక్కువగా పెరుగుతుంది, నేలను కప్పేయదు. అందుకని కలుపు తేలిగ్గా మీదపడుతుంది, మామూలు సాగులో కలుపు మందు వాడతారు. ఒకే నేలలో ఏటా వేస్తే తెగుళ్లు ముదురుతాయి కాబట్టి ఆరేడేళ్లకోసారి మాత్రమే అదే చేలో వేస్తారు. సేంద్రియ రైతు కలుపును యంత్రంతోనో చేత్తోనో తీయాలి, దిగుబడి తగ్గినా తట్టుకోవాలి. ధర ఎక్కువ కావడానికి కారణాల్లో ఇదొకటి. ఇదే ధరకు ‘సేంద్రియ’ అన్న మాట మాత్రమే అతికించి మామూలు లినెన్ అమ్మాలన్న ఆశ పుట్టేదీ ఇక్కడే.

ఇంకొకటి. పైన చెప్పినట్టు చేలో మంచుకు నాననిచ్చే పద్ధతి ఒకటైతే, మోపులను చెరువుల్లో, కాలువల్లో నానబెట్టే పాత పద్ధతి మరొకటి. కుళ్లిన నీళ్లను శుద్ధి చేయకుండా వదిలితే అందులోని చేపలు బతకవు. ‘నారను ఎలా నానబెట్టారు’ అని అడిగితే సమాధానం చెప్పగలిగే అమ్మకందారుకు తన సరుకు గురించి ఎంతో కొంత తెలుసనే లెక్క.

3. ఇది లినెనేనా? చేత్తో పరీక్షించండి

ముందు చీటీ చదవండి. ‘లినెన్ లుక్’, ‘లినెన్ ఫీల్’, ‘లినెన్ టెక్స్‌చర్’ అన్నవి నేత రూపాన్ని చెప్పే మాటలు, నారను చెప్పేవి కావు. అలాంటి గుడ్డ పూర్తిగా పాలిస్టర్ అయి ఉండవచ్చు. ‘లినెన్ బ్లెండ్’ అంటే కలిపింది. ఎంత కలిపారో శాతంలో రాసి లేకపోతే తక్కువే కలిపారనుకోవడం క్షేమం. పడుగు (నిలువు పోగులు) పత్తి, పేక (అడ్డ పోగులు) లినెన్‌గా నేసిన గుడ్డలు కూడా ఉన్నాయి. అవి చెడ్డవేమీ కావు, పాత్రల గుడ్డలుగా చక్కగా పనిచేస్తాయి, కానీ వాటికి లినెన్ ధర ఇవ్వనక్కర్లేదు.

తర్వాత గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. అసలు లినెన్‌లో పోగు అక్కడక్కడా కాస్త ఉబ్బి మళ్లీ సన్నబడుతుంది, ఆ ఉబ్బులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. యంత్రంతో పుట్టించిన నకిలీలో అదే ఉబ్బు, అదే దూరంలో మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక జానెడు మేర పరిశీలనగా చూస్తే దొరికిపోతుంది.

ఇంకా అనుమానం ఉంటే అంచున వదులుగా ఉన్న ఒక పోగు లాగండి. పడుగు నుంచి ఒకటి, పేక నుంచి ఒకటి తీస్తే ఇంకా మంచిది, ఎందుకంటే కల్తీ ఒక వైపే ఉండవచ్చు. పోగును రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని, పురి విప్పుతూ నెమ్మదిగా లాగి తెంపండి. తెగిన కొసను తెల్లకాగితం మీద పెట్టి చూడండి. లినెన్ అయితే నారలు పొడవుగా, నిటారుగా, వేర్వేరు పొడవుల్లో సూదుల్లా నిలబడి ఉంటాయి. పత్తి అయితే కొస పొట్టిగా, కుచ్చులా విచ్చుకుని మెత్తగా వాలిపోతుంది. ఒకసారి రెంటినీ పక్కపక్కన చూస్తే ఇక మర్చిపోరు.

నూనె బొట్టు పరీక్ష కూడా పాతదే. తెల్లని లేదా లేతరంగు గుడ్డ ముక్కను ఉతికి ఆరబెట్టి, దాని మీద ఒక బొట్టు నూనె వేస్తే లినెన్‌లో ఆ చోటు అద్దంలా పారదర్శకమవుతుంది, పత్తిలో మసకగానే మిగులుతుంది. నమూనా ముక్క మీదే చేయండి, దుకాణంలో పరిచిన దుప్పటి మీద కాదు.

మంట పరీక్ష గురించి అందరూ చెబుతారు, దాని పరిమితి మాత్రం కొద్దిమందే చెబుతారు. ఒక పోగును పట్టకారుతో పట్టి, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని కాల్చితే, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. లినెన్ కాగితం వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. అయితే పత్తీ, చెక్క గుజ్జుతో చేసే విస్కోసూ కూడా అలాగే కాలతాయి. అంటే ఈ పరీక్ష ప్లాస్టిక్‌ను పట్టిస్తుంది తప్ప లినెన్‌ను నిరూపించదు.

4. ఇది సేంద్రియమేనా? కాగితం అడగండి

అసలు మోసపోయే చోటు ఇదే కనుక కాస్త ఓపికగా చదవండి. లినెన్ మీద కనిపించే ముద్రలన్నీ ఒకే మాట చెప్పవు.

జీఓటీఎస్ అన్నది వీటిలో అన్నిటికంటే విస్తృతమైనది. గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్ అన్న పేరుకు పొట్టి రూపం. ఇది నార సాగుతో ఆగదు. వడకడం, నేయడం, బ్లీచింగ్, అద్దకం, మురుగునీటి శుద్ధి, పనివాళ్ల హక్కులు అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. ఇందులో రెండు తరగతులున్నాయి. ‘ఆర్గానిక్’ అని రాస్తే కనీసం 95 శాతం నార ధ్రువీకరించిన సేంద్రియం. ‘మేడ్ విత్ ఆర్గానిక్’ అని ఉంటే కనీసం 70 శాతం. రెండో రకం కొనేటప్పుడు మిగిలిన భాగంలో ఏముందో చీటీలో చూడండి.

ఓసీఎస్, అంటే ఆర్గానిక్ కంటెంట్ స్టాండర్డ్, చెప్పేది ఒక్కటే: సేంద్రియ నార పొలం నుంచి గుడ్డ దాకా లెక్క తప్పకుండా వచ్చిందని. ‘ఓసీఎస్ 100’లో కనీసం 95 శాతం సేంద్రియ నార ఉండాలి. ‘ఓసీఎస్ బ్లెండెడ్’ ముద్రకు మాత్రం 5 శాతం ఉన్నా చాలు. ఈ రెండింటి ముద్రలూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కింద రాసిన మాట చదవాల్సిందే. రంగులు, రసాయనాల గురించి ఓసీఎస్ ఏమీ మాట్లాడదు.

ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 చూసి సేంద్రియం అనుకునేవాళ్లు చాలామంది. అది 1992 నుంచి ఉన్న, నమ్మదగిన ముద్రే, కానీ దాని ప్రశ్న వేరు. తయారైన గుడ్డలో హానికర పదార్థాలు పరిమితికి మించి ఉన్నాయా లేవా అన్నదే అది పరీక్షిస్తుంది. పొలంలో ఏం జరిగిందన్నది దానికి పట్టదు. పసిపిల్లలు వాడే గుడ్డలకు మొదటి తరగతి, చర్మాన్ని తాకే వాటికి రెండో తరగతి, కర్టెన్ల వంటి గృహాలంకరణ సామగ్రికి నాలుగో తరగతి; దుప్పటి కొంటూ నాలుగో తరగతి కాగితం చూపిస్తే ఒప్పుకోకండి.

‘యూరోపియన్ ఫ్లాక్స్’ ముద్ర నార ఐరోపాలో పండిందని, నీటిపారుదల లేకుండా, జన్యుమార్పిడి విత్తనం లేకుండా పండిందని చెబుతుంది. ‘మాస్టర్స్ ఆఫ్ లినెన్’ అయితే వడకడం, నేయడం కూడా ఐరోపాలోనే జరిగిందని చెబుతుంది. రెండూ మంచి లినెన్‌కు గుర్తులు. రెండూ సేంద్రియానికి గుర్తులు కావు.

‘ఎకో’, ‘నేచురల్’, ‘గ్రీన్’, ‘కెమికల్ ఫ్రీ’ అన్నవి ముద్రలే కావు. అవి విశేషణాలు.

ఇక సరిచూడటం. జీఓటీఎస్ చీటీ మీద నాలుగు ఉండాలి: ముద్ర, తరగతి పేరు, ధ్రువీకరించిన సంస్థ పేరు, లైసెన్సు నంబరు. ముద్ర ఒక్కటే ఉండి నంబరు లేకపోతే దానికి విలువ ఇవ్వకండి. నంబరు ఉంటే జీఓటీఎస్ వెబ్‌సైట్‌లోని ఉచిత డేటాబేస్‌లో వెతకండి. వచ్చిన పేరు చీటీ మీది తయారీదారుతో సరిపోతోందా, ఆ సంస్థకు ధ్రువీకరించిన వస్తువుల జాబితాలో లినెన్, లేదా అవిసె నార, ఉందా చూడండి. పత్తికి మాత్రమే ధ్రువీకరణ ఉన్న సంస్థ లినెన్ దుప్పట్ల పక్కన అదే ముద్ర పెట్టుకునే అవకాశం ఉంది. ఓకో-టెక్స్ నంబరును కూడా వాళ్ల వెబ్‌సైట్‌లో ఇలాగే సరిచూడవచ్చు. గడువు తీరిందా అన్నది అక్కడే తెలుస్తుంది.

అమ్మకందారు ఒక ధ్రువపత్రం ఫోటో పంపితే సంతోషపడి ఆగిపోకండి. సంస్థకు ఇచ్చే ధ్రువపత్రం ‘వీళ్లు సేంద్రియ సరుకు తయారుచేయగలరు’ అని మాత్రమే చెబుతుంది. మీ చేతిలోని గుడ్డ ఆ సరుకులోదే అని చెప్పదు. గుడ్డకు కుట్టిన లేదా ప్యాకెట్‌కు అతికించిన చీటీయే ఆ మాట చెప్పాలి. కాబట్టి నేరుగా ఇలా అడగండి: “ఈ వస్తువుకే ధ్రువీకరణ ఉందా, లేక మీ సంస్థకు ఉందా? వస్తువు చీటీ ఫోటో పంపగలరా?” నిజమైన సరుకు అమ్మేవాళ్లకు ఈ ప్రశ్న అలవాటే. విసుక్కునేవాళ్ల దగ్గర కొనకపోయినా నష్టం లేదు.

చేత్తో నేసే చిన్న నేతగాళ్ల సంగతి వేరు. ధ్రువీకరణ ఖర్చు వాళ్లకు భారం. సేంద్రియ పోగు కొని నేసేవాళ్లయితే ఆ పోగు సరఫరాదారు పేరు, పోగు ధ్రువపత్రం చూపించగలరు. దాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు, కానీ అది ధ్రువీకరించిన గుడ్డతో సమానం కాదన్న ఎరుకతోనే.

5. బరువు, నేత, పోగు

పత్తి దుప్పట్లకు చెప్పే పోగుల లెక్క లినెన్‌కు పనికిరాదు. లినెన్ పోగు లావు, కాబట్టి ఆ సంఖ్య సహజంగానే తక్కువ. ‘500 థ్రెడ్ కౌంట్ లినెన్’ అని ఎవరైనా అంటే ముందు అనుమానించండి. అడగాల్సింది జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్నది. పలుచని కర్టెన్లకు 100 నుంచి 140, దుప్పట్లకు 150 నుంచి 190, పాత్రల గుడ్డలకూ బల్ల గుడ్డలకూ 180 నుంచి 250, ఒంటి తువ్వాళ్లకు 200కు పైన ఉంటే బాగుంటుంది. ఇవి గీత గీసిన హద్దులు కావు.

నేత విషయానికి వస్తే పాత్రలకు సాదా నేత, ఒంటికి గళ్ల గుంటలు ఉండే వాఫిల్ నేత. పోగు పొడవాటి నారదా పొట్టి నారదా అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. గుడ్డను నల్లని బట్ట మీద గట్టిగా నాలుగుసార్లు రుద్ది చూడండి. నూగు ఎక్కువగా అంటితే పొట్టి నార కలిసిందన్నమాట.

6. రంగు, మెరుగులు

రంగు వేయని లినెన్ లేత గోధుమ నుంచి బూడిద రంగు దాకా ఉంటుంది. అది తక్కువ శుద్ధి చేసిన గుడ్డ, ఎక్కువ కాలం మన్నుతుంది. మెరిసే తెలుపు కావాలంటే బ్లీచింగ్ తప్పదు, క్లోరిన్‌తో కాకుండా పెరాక్సైడ్‌తో చేశారా అని అడగండి. ‘ముడతలు పడని లినెన్’ మాత్రం కొనకండి. ఈ నార తెగేముందు రెండు మూడు శాతానికి మించి సాగదు. ముడతలు పడటం దాని స్వభావం. ముడతలు రాకుండా చేసే పూతల్లో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఆధారంగా చేసినవి ఎక్కువ, జీఓటీఎస్ వాటిని అనుమతించదు.

ముందే ఉతికి మెత్తబరిచిన లినెన్ పడకకు హాయిగా ఉంటుంది. కానీ రాళ్లతోనో ఎంజైములతోనో మెత్తబరచడమంటే నారను కొంత అరగదీయడమే. పాత్రల గుడ్డలకు ఆ ముస్తాబు వృథా, గరుకుదే కొనండి. వాడకంలో అదే మెత్తబడుతుంది.

7. కుట్టు, కొలత

లినెన్ గుడ్డ సాధారణంగా మధ్యలో చిరగదు, అంచు దగ్గర పీలికలవుతుంది. అంచు రెండు మడతలు వేసి కుట్టారా చూడండి. ఒక్క మడతతో, లోపల పచ్చి అంచు కనిపిస్తూ ఉంటే కొన్ని ఉతుకులకే పోగులు ఊడతాయి. మూల దగ్గర గుడ్డను రెండు చేతులా పట్టి అడ్డంగా లాగితే కుట్టు రంధ్రాలు విచ్చుకోకూడదు. కొక్కేనికి తగిలించే గుడ్డ లూప్ అంచులోకి చొప్పించి కుట్టి ఉండాలి, పైన అతికించినట్టు కాదు.

ముందే ఉతకని లినెన్ మొదటి ఉతుకులో 3 నుంచి 10 శాతం దాకా కుంచించుకుపోతుంది. 250 సెంటీమీటర్ల కర్టెన్ 5 శాతం తగ్గినా పన్నెండున్నర సెంటీమీటర్లు పైకి లేస్తుంది. కర్టెన్ గుడ్డను కుట్టించే ముందే ఉతికించండి. రెడీమేడ్ అయితే ‘ఉతికాక కొలత ఎంత’ అని అడగండి.

8. ఇంటికి తెచ్చాక

మొదట రెండు మూడు విడివిడి గుడ్డలే తెచ్చుకుని ఉతికి చూడండి, నచ్చితే మిగతావి. మొదటిసారి విడిగా, గోరువెచ్చని నీళ్లలో. తర్వాత మామూలుగా 40 డిగ్రీల సెల్సియస్ లోపు చాలు. యంత్రాన్ని సగానికే నింపండి. కిక్కిరిస్తే మడత పడ్డ చోటే రాపిడి తగిలి నార విరుగుతుంది. గుడ్డ మెత్తబరిచే ద్రవాలు నార మీద పూతలా పేరుకుని నీళ్లు పీల్చుకోనివ్వవు, తువ్వాళ్ల విషయంలో అవి కొన్న ప్రయోజనాన్నే దెబ్బతీస్తాయి. క్లోరిన్ బ్లీచ్ వద్దు. ఇస్త్రీ చేయాలనుకుంటే కాస్త తడిగా ఉండగానే చేయాలి. ఎండిపోయాక లినెన్ ఇస్త్రీ పెట్టెకు లొంగదు. దాచేటప్పుడు ఎప్పుడూ ఒకే గీత మీద మడవకండి. బల్ల గుడ్డలు ముందుగా చిరిగేది ఆ మడత గీత మీదే.

దుప్పటి నడుమ పలచబడితే, అంచులు ఇంకా గట్టిగానే ఉంటాయి. నడిమి భాగం తీసేసి అంచు వైపు గుడ్డను పాత్రల గుడ్డలుగా కత్తిరించి కుట్టుకోండి. నడిమి ముక్కలు కిటికీ అద్దాలకు భేషుగ్గా పనికొస్తాయి. అవీ అరిగిపోయాక రంగు వేయని ముక్కలు కంపోస్టులో కలుస్తాయి, కానీ ఒక్క పని మరవకండి: చాలా గుడ్డల్లో కుట్టు దారం, చీటీ పాలిస్టర్‌వే. కంపోస్టులో వేసే ముందు అంచు కుట్టును, చీటీని కత్తెరతో వేరుచేసి తీసేయండి.